కొనువారి ఎరుక

రాజమహేంద్రవరమున కోటిపల్లి బస్టాండు సమీపమున ఇటీవల తెరచిన ఒక మిఠాయి కొట్టు ముందర నిలువెత్తు మనిషిని మించిన ఫ్లెక్సీ బోర్డొకటి వ్రేలాడుచున్నది. పెండ్లిండ్లకు, పేరంటములకు, పుట్టినరోజులకు, గృహప్రవేశములకు, ఆఫీసు విందులకు, దూరప్రయాణములకు, పిల్లలకు, పెద్దలకు, చక్కెర వ్యాధి కలవారికి, లేనివారికి, సమస్త జనులకును సమస్త వేళలయందును తమ సరకు తగినదని ఆ బోర్డు ఘోషించుచున్నది. దానిని తుదివరకు చదువబూనిన వానికి బస్సు తప్పిపోవుట నిశ్చయము. నేను లోనికి పోయి పావుకిలో కాజాలు తూయించుకొనుచు, గల్లాపెట్టె ముందు కూర్చున్న యువకుని, “మీ కొట్టుకి ఎక్కువగా ఎవరొస్తారు బాబూ?” అని అడిగితిని. “ఎవరైనా రావచ్చండి. మనకి అందరూ కావాలి కదండీ, ఆయ్” అని ఆతడు నవ్వుచు బదులు చెప్పెను. ఆ వినయమునకు ముచ్చటపడితిని. ఆ సమాధానమునకు మాత్రము లోలోన జంకితిని. ఏలయన, దీపాలవేళ దాటినను ఆ కొట్టులో నేను తప్ప వేరొక గిరాకీ లేదు. ఫోనులో ప్రకటన వేయుటకు అయిదువేల రూపాయలు వెచ్చించితిననియు, దానిని మెచ్చుకొన్నవారు వేలకొలది ఉన్నారనియు, వారిలో పెక్కుమంది హైదరాబాదు వాసులనియు ఆతడే చెప్పెను. పావుకిలో కాజాలకై హైదరాబాదునుండి కోటిపల్లి బస్టాండునకు వచ్చువారెవరు?

ఆ యువకుని తప్పు పట్టుట నా యుద్దేశము కాదు. అప్పు తెచ్చి అడ్వాన్సు కట్టి, పనివారిని కుదుర్చుకొని, పొయ్యి వెలిగించి బోణీకై ఎదురుచూచువానికి, గడప త్రొక్కగల ఏ ఒక్కరినైనను తన లెక్కలోనుండి తీసివేయుట అపశకునముగా తోచుట సహజము. వల ఎంత వెడల్పుగా విసరిన అన్ని చేపలు పడునని ఆతని తలంపు. కాని గోదావరిలో వల వేయువాడు సైతము ఏ ఋతువున ఏ చేప వచ్చునో, దానికి ఏ కన్నుగల వల తగునో ఎరిగియే పడవ ఎక్కును గాని, ఏటిలోనున్న సమస్త జలచరములకును ఒక్క వల చాలునని భ్రమపడడు. చిన్న వర్తకునికి కొనువారిని గూర్చిన ఎరుకయే అసలైన మూలధనమనియు, దానిని ఆతడు స్వయముగా సంపాదించుకొనవలెననియు, సంపాదించిన పిదప పరుల చేతిలో పెట్టరాదనియు చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మన గోదావరి మండలములలో పాలవారి నోట ‘వాడుక’ అను మాటయొకటి వినవచ్చును. ఏ యింటికి నిత్యము పాలు పోయుదురో ఆ యిల్లు వారికి వాడుక ఇల్లు. నిఘంటువునకు వాడుకయనగా అలవాటు, వినియోగము. పాలు పోయు ఇల్లాలికి మాత్రము అది ఒక ఆస్తియు ఒక బాధ్యతయు. నా చిన్ననాట మా వీధికి వచ్చు పాలావిడకు అక్షరములు రావు. ద్వారబంధము ప్రక్క గోడమీద సుద్దముక్కతో గీచిన నిలువుగీతలే ఆమె ఖాతా పుస్తకము. అయినను ఏ యింట కాఫీకి చిక్కని పాలు కావలెనో, ఏ యింట తోడు పెట్టుటకు సాయంకాలపు పాలు మేలో, ఏ యింటివారు ఒకటవ తేదీన జీతము రాగానే లెక్క తీర్చుదురో, ఏ యింటివారు దాళ్వా పంట చేతికి వచ్చిన పిదపగాని ఇయ్యజాలరో, ఏ యింట ఎవరికి నెలలు నిండుచున్నవో, ఎప్పటినుండి ఆ యింట మరొక అరసేరు హెచ్చు పోయవలసివచ్చునో, అది యంతయు ఆమెకు కరతలామలకము. ఆమె ఎన్నడును ‘పాలు కావలెనా’ యని వీధియంతయు కేక వేసియెరుగదు. తన యింటి గేదెలు ఎన్ని సేర్లు ఇచ్చునో లెక్క చూచుకొని, అన్ని సేర్లకు తగినన్ని ఇండ్లనే వాడుక పట్టుకొనెను.

ఇంతకంటె సూక్ష్మమైన ఎరుక పులస అమ్మువారిది. వరదనీరు ఎర్రబడి దిగివచ్చు ఆషాఢ శ్రావణములందు సముద్రమునుండి ఏటికి ఎదురీదివచ్చు ఇలసయే గోదావరి నీట పులస యగునని మనవారందురు. పుస్తెలమ్మియైనను దానిని తినవలెనన్న సామెత ఎరుగని గోదావరివాడు లేడు. చేప ఒక్కింటికి వేల రూపాయలు పలుకు ఆ రోజులలో, దొరకిన ఒకటి రెండు పులసలను గంపలో పెట్టుకొని వీధివీధి తిరుగు అమాయకురాలు ఎవతెయు లేదు. పడవ గట్టు చేరకమునుపే ఫోను మ్రోగును. ఏ వకీలుగారికి కిందటేడు మాట ఇచ్చి తప్పవలసి వచ్చెనో, ఏ రైసుమిల్లు యజమాని ఇంటికి అల్లుడు వచ్చియున్నాడో, ఏ తల్లి అమెరికానుండి వచ్చిన కుమారుడు మరల విమానమెక్కులోపల ఒక్కసారి బెండకాయలు వేసి పులస పులుసు పెట్టవలెనని ఆరాటపడుచున్నదో అమ్మునామెకు తెలియును. ఆమెకు కావలసిన కొనుగోలుదారులు లక్షలు కారు, వందలును కారు. కాని ఆ పదిమందిని గూర్చి ఆమె ఎరిగినంత, కోట్లు వెచ్చించి ప్రకటనలు గుప్పించు కంపెనీలు తమ కోట్లకొలది వినియోగదారులను గూర్చి ఎరుగవు.

ఈ ఎరుకకు నేటి వాణిజ్య విద్యాలయములలో ‘టార్గెట్ ఆడియన్స్’ అని పేరు. పత్రికాభాషలో లక్షిత వినియోగదారులు. విపణియన్నది ఒకే ముద్ద కాదనియు, వేరువేరు కోరికలు గల అనేక చిన్న విపణుల సముదాయమనియు 1956లో అమెరికాలో వెండెల్ స్మిత్ అను పండితుడు వ్రాసిన వ్యాసము ఈ శాస్త్రమునకు పునాదులలో ఒకటిగా ఎంచబడుచున్నది. అయితే ఆ శాస్త్రము ఎవరి అవసరము తీర్చుటకు పెరిగినదో మనము గమనింపవలెను. ఒక్క దినమున లక్ష సబ్బుబిళ్ళలు పోతపోయు కర్మాగారమునకు కొనువాని ముఖము కనబడదు. అందుచేత వయస్సు, ఆదాయము, నివాసము, చదువు అను నాలుగు గీతలతో ఒక ఊహాచిత్రము గీచుకొని, దానినే తన కొనుగోలుదారుగా భావించుకొనును. ముఖపరిచయము లేనివానికి ఆ చిత్రము ఊతకఱ్ఱ వంటిది. కొట్టు అరుగు మీద కూర్చుండి కొనువాని ముఖమును ప్రతిదినము ఎదుట చూచు చిన్న వర్తకుడు, కండ్లున్నవాడయ్యును ఆ ఊతకఱ్ఱను అరువు తెచ్చుకొని, ‘పదునెనిమిది మొదలు నలువది అయిదేండ్ల వయస్సుగల మధ్యతరగతి స్త్రీపురుషులు’ అని ఫోనులో గడులు నింపుట నాకు విడ్డూరముగా కనబడును. నలువదేండ్ల మధ్యతరగతి గృహస్థుడు సోమవారమునాడు పిల్లవాని మారాము తీర్చుటకు నూరు గ్రాముల జీళ్ళు కొనును. ఆతడే మాఘమాసమున కూతురి పెండ్లికి అయిదువందల పెట్టెలు కొనును. మనిషి ఒక్కడే, వయస్సు ఒక్కటే, ఆదాయము ఒక్కటే. కొనుగోలుదారులు మాత్రము ఇద్దరు. వారిని వేరు చేసినది వయస్సు కాదు, కొను సందర్భము.

సందర్భమను మాటకు మన ప్రాంతమున సారెను మించిన ఉదాహరణము లేదు. పెండ్లి సారె గాని, సీమంతపు సారె గాని, ఆషాఢపు సారె గాని, కోనసీమలో ఒక గృహస్థుడు వియ్యాలవారింటికి పంపు తీపి పదార్థముల వెనుక ముగ్గురు మనుష్యులున్నారు. సొమ్ము చెల్లించువాడు పిల్ల తండ్రి. తినువారు పెండ్లికొడుకు వీధిలోని ఇరుగుపొరుగు. తీర్పు చెప్పునది వియ్యపురాలు. మిఠాయి కొట్టువాడు పిల్ల తండ్రికి రుచి చూపి, ధర చెప్పి, తన పని ముగిసినదని తలంచెనేని మూడింట ఒక వంతు మాత్రమే ఎరిగినవాడగును. పిల్ల తండ్రికి నిజముగా కావలసినది తీపి కాదు. పంచునప్పుడు లెక్క తక్కువపడకుండుట, మడతకాజా మడత విరుగకుండుట, బండి వేళకు చేరుట, అత్తవారింట పిల్ల తల ఎత్తుకొని తిరుగుట. ఈ భయములను ఎరిగిన వర్తకుడు అడుగకమునుపే కొసరుగా పది పెట్టెలు అధికముగా ఎక్కించి, మిగిలినచో తిరిగి తీసికొందునని మాట ఇచ్చును. పెట్టెమీద తన కొట్టు పేరును చిన్నదిగా వేసి, వధూవరుల పేర్లు పెద్దవిగా అచ్చొత్తించును. ఆ పది పెట్టెలకు ఆతడు వెచ్చించునది ఫోను ప్రకటనకంటె తక్కువ; ఆ పెట్టెలు ప్రవేశించిన వీధిలో పెండ్లీడు పిల్లలున్న ఇండ్లు ఎన్ని ఉండునో, ఆతని ప్రకటన అన్ని ఇండ్లకు చేరును.

తాపేశ్వరమువారు కొను సందర్భములయందలి ఈ భేదమును చక్కగా గ్రహించిరి. మడతకాజా ఇంటింటికి పోవు తీపి; దానిని కొనునది సంసారి. అదే గ్రామమున 2016వ సంవత్సరము సెప్టెంబరు 6న 29,465 కిలోల లడ్డు తయారై గిన్నిస్ పుస్తకమునకెక్కినది. అంతటి లడ్డును ఏ సంసారియు కొనడు. అట్టి లడ్డును కోరునది వినాయక చవితి పందిరి. ఆ పందిరి నిర్వాహకుల చూపు నాలుకమీద కాక, చూడవచ్చు జనసమూహముమీద నిలిచియుండును. మైదా, శనగపిండి, చక్కెర, నేయి ఒక్క ఊరివే యైనను, ఒకరికి రుచి అమ్ముచున్నామనియు వేరొకరికి ఆశ్చర్యము అమ్ముచున్నామనియు వారికి తెలియును.

ఆత్రేయపురపు పూతరేకుల కథయు అటువంటిదే. బోర్లించిన కుండను క్రింది మంటతో కాచి, పలుచని బియ్యపు పాలలో ముంచిన గుడ్డను దానిమీద ఒక్కసారి పఱచి తీసినంతనే పొరగా విడివడు ఆ రేకును, చేయి తిరిగిన స్త్రీలు తప్ప అన్యులు తీయజాలరు. 2023లో ఆత్రేయపురపు పూతరేకులకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. చక్కెరయా బెల్లమా, జీడిపప్పుదా సాదాదా యను భేదములను ఇప్పుడు ప్రతి కొట్టును పాటించుచున్నది. కాని కొనువాని సందర్భమునుబట్టి భేదము చేయువారు తక్కువ. రావులపాలెము దగ్గర జాతీయ రహదారిమీద బండి ఆపి కొనువానికి రేకు ఆ సాయంకాలమే నోట కరగిపోవలెను. అమెరికాకు పోవు కుమారుని పెట్టెలో పెట్టు తల్లికి అది పదిదినములు మాగిపోక, నలుగక నిలువవలెను. వీరిలో మొదటివారికి నేయి అధికమైనచో సంతోషము, రెండవవారికి అదియే ఆందోళన. ఇద్దరికిని ఒక్క పెట్టెనే ఇచ్చు కొట్టు ఇద్దరిలో ఎవరికో ఒకరికి అన్యాయము చేయుచున్నది.

కొనువారిని నిర్ణయించుకొనుట యనగా అందులో కొంత త్యాగమున్నది. అందుచేతనే అది కష్టము. కడియము, కడియపులంక నర్సరీల దారిన ఒక్కసారి నడచినచో ఈ సంగతి బోధపడును. ఆదివారమునాడు ఇంటి ముందరి రెండు కుండీలకై గులాబి మొక్కలు కొనవచ్చు దంపతులకు ఆ మొక్క బ్రదుకవలెను. నీరెంత పోయవలెనో, ఎండ ఎంత తగులవలెనో ఒకరు ఓపికతో చెప్పవలెను. క్రొత్త కాలనీకి లారీలకొలది అలంకార వృక్షములు తీసికొనిపోవు కంట్రాక్టరునకు ఒక్క ఎత్తున, ఒక్క లావున, చెప్పిన తేదీకి మొక్కలు అందవలెను. ఆతనికి ఓపిక పాఠములు అక్కరలేదు. తోట వేయు రైతుకు జాతి శుద్ధమై ఉండవలెను. తాను మోసపోయినట్లు ఆతనికి తెలియునది అయిదారేండ్లకు, కాపు పట్టిన నాడు. కనుక ఆతడు కొనునది మొక్కను కాదు, నమ్మకమును. ఎకరము నేల గల చిన్న నర్సరీవాడు ఈ మువ్వురను ఒక్కమారు తృప్తిపరుపజాలడు. కంట్రాక్టరుకై ఒకే జాతిని పెంచినచో రైతునకు చోటుండదు; ఆదివారపు దంపతులకై వంద రకములు పెట్టినచో లారీ నిండదు. పొరుగువాడు లారీలు నింపుచుండగా చూచి తానును అటు ఉరికినవాడు, రెండు ఏళ్ళలో నేలను కౌలుకిచ్చి ఆ పొరుగువాని వద్దనే మేస్త్రీగా చేరుట అసంభవము కాదు.

కొనువారి నిర్వచనమునందు ఒక విలువయు ఇమిడియుండవచ్చుననుటకు రాజమహేంద్రవరమే సాక్ష్యము. స్వర్ణకారవృత్తిలో చేయి తిరిగిన కోసూరి వెంకటరత్నముగారు 1921లో గాంధీమహాత్ముని కలిసికొనినప్పుడు, ఉపయోగపడు స్వదేశీ వస్తువు నొకదానిని చేయుమని ఆయన ప్రబోధించెను. రత్నముగారు ఫౌంటెన్ పెన్ను చేయ సంకల్పించి, 1932లో ఈ ఊర కలముల పనిని స్థాపించిరి. అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘమునకు చెందిన జె. సి. కుమారప్పగారి ద్వారా మహాత్మునికి చేరిన ఆ కలమును ఆయన వాడి చూచి, బజారులోని విదేశీ కలములకు అది తగిన ప్రత్యామ్నాయముగా నున్నదని 1935 జూలై 16న రత్నముగారికి ఉత్తరము వ్రాసిరి. ఇందు మనము నేర్వవలసినది ప్రసిద్ధుని మెప్పు పొందు ఉపాయము కాదు. ఆ దినములలో వ్రాయనేర్చినవారందరు తనకు గిరాకీలేనని రత్నముగారు తలంచియుండిన, విదేశీ కలముతో ధరయందును నాజూకునందును పోటీపడి ఓడిపోయి యుందురు. వ్రాయుటకు కలము కావలెను గాని విదేశీ కలము పట్టుటకు మనస్సు ఒప్పనివాడు దేశమంతట ఉండెను. ఒంటిమీద ఖద్దరు, జేబులో పరాయి కలము ఉన్నందుకు సిగ్గుపడుచున్న ఆ మనిషిని రత్నముగారు చూచిరి. వయస్సు, ఆదాయము అను గడులలో ఆ సిగ్గునకు చోటు లేదు.

ఆ కథయందు ఉత్తరభాగము కూడ గమనింపదగినది. స్వాతంత్ర్యము వచ్చినది, కొంతకాలమునకు బాల్‌పాయింట్ పెన్ను వచ్చినది, విదేశీ కలము పట్టుటకు సిగ్గుపడువాడు క్రమముగా కనుమరుగయ్యెను. ఎబొనైటు కడ్డీని లేతుమీద త్రిప్పి చేతితో కలము చేయు ఆ పని అంతటితో ఆగిపోవలసినది. ఆగలేదు, ఏలయన చేతిపనియందు అభిమానముగల కలముల సేకర్తలు దేశవిదేశములందు వేరొక జాతి కొనుగోలుదారులుగా వచ్చిరి. తాతకాలమునాటి గిరాకీ దారి మారినప్పుడు వేరెవరు ఆ దారిన వచ్చుచున్నారో చూడగలిగినవానికే కొట్టు మిగులును. కొనువారిని ఒక్కసారి నిర్ణయించుకొని చట్రము కట్టి గోడకు తగిలించుట కాదు. పుష్కరమువరకు ఆగక ప్రతి అయిదేండ్లకైనను ఆ పటమును దించి దుమ్ము దులిపి చూడవలెను.

ఇంతవరకు ఎరుకవలన కలుగు లాభమును చెప్పితిని. ఎరుక పరుల చేతిలోనున్నప్పుడు కలుగు నష్టమును చెప్పుటకు నరసాపురము పోవలెను. పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక పశ్చిమ గోదావరి పల్లెలలో వేలకొలది స్త్రీల చేతిపనియై, ఐరోపా మొదలైన దూరదేశములకు ఎగుమతి కాజొచ్చినది. ఒకతె పూవు అల్లును. వేరొకతె అతుకుపని చేయును. నూలు తెచ్చి ఇచ్చునది ఏజెంటు, అల్లినదానిని పట్టుకొనిపోవునది ఏజెంటు. మరియా మీస్ అను జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ పల్లెలలో తిరిగి పరిశోధించి 1982లో ప్రచురించిన గ్రంథము, ప్రపంచ విపణికి సరకు తయారుచేయు ఈ స్త్రీలను వర్తకులు కార్మికులుగా గాక తీరిక వేళ గడుపుకొను గృహిణులుగా లెక్కించుటచేతనే వారి కూలి అంత హీనముగా ఉండెనని చూపినది. ఇంటిపని గాక రోజునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు సూది త్రిప్పుచున్నవారికి ‘తీరిక’ అను పేరు!

ఆ సత్యమునకు నేను వేరొక ముఖమును జోడింతును. ఆ స్త్రీలకు చేతిపని తెలియును, నూలు తెలియును, నమూనా తెలియును. తెలియనిది ఒక్కటే, ఆ లేసు ఏ దేశమున ఏ యింట ఏ బల్లమీద పరచబడునో, దానిని ఎవరు ఎంతకు కొందురో. ఆ ఒక్కటి తెలిసినవాడు మేడ కట్టెను. మిగిలినవన్నియు తెలిసినవారు అరుగుమీదనే ఉండిపోయిరి. నైపుణ్యము ఒకరిది, కొనువారి ఎరుక వేరొకరిది అయినప్పుడు లాభము ఎరుకవైపునకే జరుగును. ఇది నీరు పల్లమెరుగుటవంటిది. తరువాతి కాలమున చైనా యంత్రపు లేసు చవకగా బజారులో దిగినప్పుడు, చేతి అల్లికను కోరు కొనుగోలుదారు ఎచ్చటనున్నదో ఆ స్త్రీలకు తెలియకపోవుటచేత, ఆమెతో ఒక్క మాట చెప్పుకొను అవకాశము కూడ లేకపోయెను. 2024లో నరసాపురపు లేసుకు సైతము భౌగోళిక సూచిక లభించినది, సంతోషింపదగినదే. కాని ఆ సూచిక సరకు ఎచ్చట పుట్టినదో చెప్పును గాని ఎచ్చటికి పోవలెనో చెప్పదు. పుట్టినిల్లు తెలిసి మెట్టినిల్లు తెలియని పిల్లకు సారె ఎవరింటికి పంపుదుము?

ఆ ఏజెంటు పాతకాలపువాడని తలంచువారు తమ చేతిలోని ఫోనును ఒక్కసారి చూచుకొనవలెను. పచ్చళ్ళు అమ్ము గృహిణి, చీరెలు అమ్ము నేతగాడు, కాజాలు అమ్ము మన యువకుడు తమ సరకును నేడు ఏదో ఒక పెద్ద కంపెనీ అంగడిలో పెట్టుచున్నారు. కొనువారి పేరు, ఊరు, మరల కొనునది ఎప్పుడను సంగతి ఆ కంపెనీ యంత్రమునందు భద్రముగా ఉండును. అమ్మువానికి దక్కునది నెల తుదిని ఒక మొత్తము, దానిలో కమీషను కోత. మరునాడు అదే యంత్రము అదే గిరాకీకి వేరొకరి పచ్చడి చూపిన, మన గృహిణికి ఆ సంగతియే తెలియదు. ఆ అంగడులకు పోవలదని నేను చెప్పను. దూరపు గిరాకీకి అవి పడవవంటివి. పడవలో ప్రయాణము చేయవచ్చును గాని ఇంటి తాళపుచెవి పడవవానికి ఇయ్యరాదు. పంపు ప్రతి సీసాతోను ఒక చీటి, చీటిపై తన ఫోను నెంబరు, ‘కారము ఎట్లున్నది?’ అను ఒక్క ప్రశ్న ఉంచినచో, నూటికి పదిమందియైనను మారు పలుకుదురు. ఆ పదిమందియే ఆమె వాడుక.

ఇచ్చట ఒక ఆక్షేపణము కలుగును. కొనువారిని ఎన్నుకొనుట యనగా కొందరిని వెలివేయుట కాదా, డబ్బున్నవారినే చూచి లేనివారికి మొగము చాటుచేయుట కాదా యని. చిన్న కొట్టునకు అందరును వచ్చు హక్కు కలవారే. కులమును చూచి గాని, కట్టిన బట్టను చూచి గాని గిరాకీని తక్కువగా చూచువాడు వర్తకుడు కాడు. కాని తలుపు అందరికిని తెరచియుంచుట వేరు, వంట ఎవరి ఆకలికై చేయుదుమో నిశ్చయించుకొనుట వేరు. రైతు కూలీలకై తెల్లవారుజామున అయిదింటికి పొయ్యి వెలిగించు పల్లెటూరి ఇడ్లీ బడ్డీ కూడ కొనువారిని ఎన్నుకొన్నదే. అది పేదవారిని ఎన్నుకొన్నది. చేలోనికి పోవులోపల కడుపు నిండవలెను, చిల్లరకు తడుముకొనరాదు, శనివారము కూలి ముట్టువరకు పద్దు నిలువవలెను. ఇవి ఎరిగిన ఆ బడ్డీవాని వద్దకు కారులో పోవువారును ఆగి తినుచునే యున్నారు. ఎవరినో ఒకరిని నిజముగా ఎరిగి వండినదానికి రుచి వచ్చును. ఆ రుచి తక్కినవారిని తానే పిలుచుకొనును.

2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. 2015 జూలైలో పండ్రెండు దినములు ఈ తీరమున ఇసుక వేసిన రాలనంత జనము మెదలుట మనము చూచితిమి. ఇప్పటినుండియే బోర్డులు వ్రాయించువారు, స్టాళ్ళకై పైరవీలు చేయువారు బయలుదేరియున్నారు. వారికి నా మనవి: ‘లక్షలమంది వత్తురు’ అనునది లెక్క కాదు, కల. రేవునకు వచ్చు ఒక్క మనిషిని ఊహింపుడు. పితరులకు పిండప్రదానము చేయుటకు దూరపు పల్లెనుండి వచ్చిన వృద్ధదంపతులు, చేత ఒక్క సంచి, మరల రైలెక్కవలెను, చీటి మీద ఎవరెవరికి ఏమైన కొనిపోవలెనో వారి పేర్లు, కన్నులకు చిన్న అక్షరములు కనబడవు, కర్మ ముగియువరకు ఏమియు తినరు, ముగిసిన పిదప ఆకలి ఆగదు. ఈ ఒక్క జంటను చక్కగా ఎరిగినవాడు ఏమి అమ్మవలెనో, ఎంత బరువున కట్టవలెనో, ఏ వేళకు ఏ మలుపున నిలువవలెనో నేను చెప్పనక్కరలేదు.

ప్రభుత్వమువారికి కూడ ఒక మాట. డ్వాక్రా సంఘములకు ఇచ్చు శిక్షణలలో పెట్టెకు రంగెట్లు వేయవలెనో, ఫోటో ఎట్లు తీయవలెనో మొదటిదినమున చెప్పుచున్నారు. ఎవరికొఱకను ప్రశ్నను తుదిదినమున కూడ అడుగక వదలివేయుచున్నారు. క్రమము తలక్రిందులు కావలెను. నరసాపురపు లేసు పార్కులో అల్లు స్త్రీకి తన అల్లిక ఏ దేశమునకు ఏ ధరకు పోయినదో నెలకొకసారి చదివి వినిపించు ఏర్పాటు చేయుటకు కోట్లు అక్కరలేదు. ఎగుమతిదారు బిల్లుల నకలు, చదివి చెప్పు ఒక గుమాస్తా చాలును. ఆమెకు అది తెలిసిన నాడు బేరము మారును.

కోటిపల్లి బస్టాండు యువకుడు కాజాల పొట్లము కట్టుచు, “మరి బోర్డు మీద ఏం రాయించమంటారండీ?” అని నన్ను అడిగెను. బోర్డు సంగతి తరువాత చూచుకొనవచ్చుననియు, ముందు ఒక నోటు పుస్తకము కొని, నెలదినములు, వచ్చిన ప్రతివారు ఎవరికొఱకు కొనుచున్నారో మాత్రము వ్రాసియుంచుమనియు చెప్పితిని. బస్సులో కూర్చున్న పిదప నాకు మరల మా పాలావిడ జ్ఞప్తికి వచ్చెను. గేదె వట్టిపోయిన దినములలో ఆమె సగము పాత్రతో వచ్చెడిది. మా యింటికి వచ్చి, “ఇవాళ మీకు లేవండి అమ్మగారూ, కాఫీ మానుకోండి” అని నిస్సంకోచముగా చెప్పి, మూడవ ఇంటికి పోయి నిండుగా పోసెడిది. ఆ యింట మూడునెలల పసిబిడ్డ యుండెను. మా అమ్మ ఎన్నడును కోపపడలేదు. గేదె ఈనిన నాడు మరల ఆమె వద్దనే వాడుక పోయించుకొనెను. సరకు తక్కువపడిన నాడు ఎవరికి లేదనవచ్చునో, ఎవరికి లేదనరాదో ఆమెకు తెలియును. ఆ యువకుని నోటు పుస్తకమున నెల తిరుగుసరికి అట్లు లేదనరాని వారి పట్టిక తేలినచో, బోర్డు మీద ఏమి వ్రాయవలెనో ఆతడు నన్ను అడుగనక్కరలేదు.